ఆసుపత్రి మాట

వేలి చివర ఉబికిన రక్తపు బొట్టును స్ట్రిప్పు అంచుకు తాకించి, సిస్టర్ దోరికా యంత్రం వైపు చూస్తూ కూర్చుంది. అంకె రావడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపూ ఆమె ఎదుటి మనిషి ముఖం చూడదు. చూస్తే జాలి పుడుతుంది, జాలి పుడితే మాట మెత్తబడుతుంది, మెత్తటి మాట ఈ గది గుమ్మం దాటగానే మరిచిపోతారు. ఏళ్ళ తరబడి శుక్రవారం శుక్రవారం గుండెజబ్బు వాళ్ళనూ, చక్కెర వాళ్ళనూ, రక్తపోటు వాళ్ళనూ ఒకే వరస బెంచీల మీద కూర్చోబెట్టి చూస్తున్న మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

అంకె వచ్చింది. ఒకటి పాయింటు నాలుగు.

"మళ్ళీ అదే," అంది దోరికా.

ఎదురుగా ఉన్న తియామికే వేలికి దూది అదిమి పట్టుకుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. మూడేళ్ళ కిందట దేశం దాటించి ఆమె గుండెలో ఒక లోహపు కవాటం పెట్టించారు. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే అది కొట్టుకోవడం చేతిగడియారంలా బయటికి వినిపిస్తుంది. చెల్లెళ్ళు ఆమెను గడియారం అనే పిలుస్తారు. ఇవాళ రేకుల మీద వాన దంచుతోంది కాబట్టి ఏమీ వినిపించడం లేదు. ఆ లోహం మీద రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే బతికినన్నాళ్ళూ రోజూ వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి. రక్తం తగినంత పలచబడితే అంకె రెండున్నరకీ మూడున్నరకీ మధ్యలో నిలుస్తుంది. అంతకంటే దిగితే గడ్డ, ఎక్కితే రక్తస్రావం. పొలంగట్టు మీద నడకలాంటిది. వానలు మొదలైన దగ్గర్నుంచీ ఈ పిల్ల గట్టు దిగిపోతూనే ఉంది.

"మాత్ర వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నాను సిస్టర్."

"రోజూ?"

"రోజూ. పొద్దుగూకగానే."

"అయితే యంత్రం అబద్ధమాడుతోందన్నమాట."

బెంచీల మీద ఒకరిద్దరు నవ్వారు. తియామికే తల వంచుకుంది. వెనకాల నిలబడ్డ తల్లి ఎసినాతి ముందుకు జరిగి, తానే రోజూ మాత్ర తీసి కూతురి నాలుక మీద పెడుతున్నాననీ, మింగాక నోరు తెరిపించి మరీ చూస్తాననీ చెప్పుకుంది. దోరికా ఆ మాట పట్టించుకోలేదు. తల్లులందరూ అలాగే చెబుతారు. చక్కెర జబ్బు ముసలాయన భార్య కూడా అలాగే చెప్పేది. ఆయన పోయాక పరుపు కింద మాత్రలన్నీ దొరికాయి. అందుకని ఆమె గొంతు పెంచింది. ఒకరిని కోప్పడితే పదిమందికి బుద్ధి వస్తుందని ఆమె నమ్మకం.

"నువ్వెళ్ళిన విమానంలో నీ చోట ఇంకో పిల్ల కూర్చోవాల్సింది. ఆ పిల్ల అయితే ఈపాటికి బుద్ధిగా మాత్ర వేసుకుంటూ ఉండేది."

వాన హోరులోనూ ఆ మాట చివరి బెంచీ దాకా వెళ్ళింది. ఎవరూ నవ్వలేదు. తియామికే దూది తీసి వేలు చూసుకుని, మళ్ళీ దూది పెట్టుకుంది.

పక్క గదిలో కచింగ్వే ఉన్నాడు. ఆయన పూర్తి డాక్టరు కాదు. కానీ ఈ ఆసుపత్రిలో గుండె సంగతి తెలిసినవాడు ఆయనొక్కడే కాబట్టి అందరూ డాక్టరనే అంటారు. అంకె చూసి పెదవి విరిచి, మోతాదు మరో సగం పెంచాడు. పెంచినప్పుడు వారంలో మళ్ళీ రక్తం చూడాలి. పెట్టెలో స్ట్రిప్పులు అడుగంటాయని దోరికా గుర్తు చేస్తే, మూడు వారాలకి రమ్మను, మాట వినని వాళ్ళ మీద పారబోయడానికి మన దగ్గరేం కుప్పలున్నాయా అన్నాడు. దోరికాకూ అది న్యాయంగానే తోచింది.

మాత్రలు కాగితంలో పొట్లం కట్టి ఇస్తూ ఆమె మామూలుగా అడిగింది, కూరేం తింటున్నారని.

ఎసినాతి చిన్నగా నవ్వింది. "ఈ నెలల్లో ఏం తింటాం సిస్టరమ్మా? గుమ్మడాకే. పొద్దున అదే, సాయంత్రం అదే."

నిజమే. గాదెలో పాత జొన్న అయిపోయి, పొలంలో కొత్త జొన్న ఇంకా పాలుపట్టని కాలం. సంకటికే కరువు. ఆకు మాత్రం గోడల మీదికి కూడా పాకుతుంది. ఆకులో రక్తాన్ని చిక్కబరిచే గుణం ఉంది. అలాగని పూర్తిగా మానెయ్యమని పుస్తకం చెప్పదు. రోజూ ఒకే కొలతగా తినాలి, ఆ కొలతకు మాత్ర సరిపెట్టాలి అంటుంది. మొదట్లో దోరికా ఆ వాక్యం మొత్తం చెప్పేది. కొలత అంటే ఏమిటని ఒకరు, గిన్నెతోనా గుప్పెడుతోనా అని ఒకరు, ఆకు దొరకని నెలలో ఏం చెయ్యమని ఇంకొకరు. చెప్పగా చెప్పగా ఆ వాక్యం వాడిన సబ్బుబిళ్ళలా అరిగి రెండు మాటలయింది.

"ఆకు తినొద్దన్నానా లేదా?"

"అన్నారు."

"మరి?"

"కూరేదీ మరి?"

"ఉప్పు నంజుకోండి. ప్రాణం కావాలా, కూర కావాలా?"

ఎసినాతి పొట్లాన్ని నడుముకు చుట్టుకున్న గుడ్డ చెంగున ముడి వేసుకుంది. ఆ ముడి మీద ఇంకో ముడి వేసింది. తల్లీ కూతురూ వాన తగ్గకుండానే బయల్దేరారు.

*

ఆ పై వారం దాటి ఇంకో వారం సగంలో, ఆడవాళ్ళ వార్డులో దోరికా ఒకామెకి సెలైను సీసా మారుస్తుంటే బయట సైకిల్ బాడుగ కుర్రాళ్ళ కేకలు వినిపించాయి. వెనక సీటు మీద తియామికే. పడిపోకుండా మేనమామ వైసన్ ఒక చెయ్యి వేసి పట్టుకుని పక్కన పరుగెత్తుకుంటూ వచ్చాడట, ఇంకా రొప్పుతున్నాడు. వాళ్ళలో అక్కచెల్లెళ్ళ బిడ్డల మంచిచెడ్డలకు మేనమామే పెద్ద.

పిల్ల నోరు మూసుకునే ఉంది. తెరవమంటే పళ్ళ సందులన్నీ ఎర్రగా ఉన్నాయి. నిన్నటి నుంచి తలనొప్పి అంది. రక్తపోటు చూడ్డానికి పట్టీ బిగించి వదిలితే, చేతి చుట్టూ వంకాయ రంగు కడియం తేలింది. దోరికా వేలు గుచ్చింది. గుచ్చిన చోట రక్తం నీళ్ళలా కారుతూనే ఉంది. యంత్రం అంకె చూపించలేదు. తనకు కొలవడం చేతకానంత పలచగా ఉందన్న గుర్తు మాత్రం చూపించింది.

పలచబడ్డ రక్తాన్ని మళ్ళీ చిక్కబరిచే విరుగుడు విటమిన్ కె. ఫార్మసీలో పెద్దవాళ్ళకిచ్చేది లేదు. దోరికా వానలోనే కాన్పుల వార్డుకు పరుగెత్తి, పుట్టిన బిడ్డల తొడకు పొడిచే చిట్టి చిట్టి మందుగొట్టాలు చేతికందినన్ని తెచ్చింది. బల్ల మీద వరసగా పేర్చి ఒక్కొక్కదాని మెడ విరిచి, అందులో ఉన్న ఆ కాస్త చుక్కనూ ఒకే సిరంజీలోకి లాగుతూ పోయింది. ఒక గాజుపెంకు ఆమె బొటనవేలిని కోసింది. రక్తం వచ్చి, చూస్తుండగానే దానంతటది ఆగిపోయింది. దాన్ని ఒక్క క్షణం వింతగా చూసింది.

"ఎక్కువిస్తే కవాటం మీద గడ్డ కడుతుంది," అన్నాడు తలుపు దగ్గర నుంచి కచింగ్వే.

"ఇవ్వకపోతే తలలో నిండుతుంది."

ఆయన ఇవ్వు అన్నట్టు తలూపాడు. రక్తం గడ్డకట్టించే ప్లాస్మా ఈ జిల్లాలో లేదు. వైసన్ రక్తం సరిపోయింది. ఆయన్ని పక్క మంచం మీద పడుకోబెట్టి అప్పటికప్పుడు తీసి వేడివేడిగానే ఎక్కించారు.

మందు నరంలోకి మెల్లగా తోస్తూ దోరికా ఆ పిల్ల చెవి దగ్గరికి వంగింది. ఆమె ఊహకు ఒక్కటే తోచింది. అంతమందిలో తిట్టింది కదా.

"కోపమొచ్చి గుప్పెడు మింగావా? నిజం చెప్పు, ఏమీ అనను."

తియామికే తల అడ్డంగా ఊపింది. ఊపడానికి నొప్పి పుట్టి కళ్ళు మూసుకుంది. ఎసినాతి చెంగు ముడి విప్పి పొట్లం తెరిచి చూపించింది. ఎన్ని మిగలాలో అన్నే ఉన్నాయి. ఆ తర్వాత కాస్త నిటారుగా నిలబడి, అడగకుండానే చెప్పింది.

"ఆకు కూడా ముట్టలేదు సిస్టరమ్మా. మీరు చెప్పిన రోజు నుంచీ ఇంట్లో ఎవ్వరం ముట్టలేదు. మేం తింటుంటే దానికి నోరూరుతుందని పాదులన్నీ పీకేశాను."

దోరికా చెయ్యి సిరంజీ మీద ఆగింది. "పాదులు పీకేశావా?"

"ఇంటి చుట్టూ ఉన్నవన్నీ. మేకలకేశాను. ఉప్పునీళ్ళే నంజుకుంటున్నాం."

చెప్పి ఆమె దోరికా ముఖంలోకి చూసింది. పరీక్షలో తప్పిన పిల్ల రెండోసారి లెక్కలన్నీ సరిగ్గా చేసి పలక చూపించినట్టు చూసింది. మంచి పని చేశావని అనడం దోరికా నాలుకకు అలవాటు. ఆ మాట పైదాకా వచ్చి అక్కడే ఉండిపోయింది.

ఆ పిల్ల మొదటి నుంచీ రోజూ మాత్ర వేసుకుంటూనే ఉంది. తాడు ఒక కొస మాత్ర లాగింది, రెండో కొస ఆకు లాగింది. వాన నెలల్లో ఆకు బలం పెరిగి అంకె దిగింది. అంతే జరిగింది. ఆ శుక్రవారం ఈ ఆసుపత్రిలో ఇద్దరు చదువుకున్న మనుషులు కలిసి, ఒకరు మాత్ర వైపు బలం పెంచారు, ఇంకొకరు ఆకును తాడు వదిలెయ్యమన్నారు. పైగా, మూడు వారాల దాకా ఇటు రావద్దన్నారు. వాళ్ళ మాట ఆ ఇల్లు తు.చ. తప్పకుండా విన్నది.

సిరంజీలో మిగిలిన మందును ఆమె ఇంకా మెల్లగా తోసింది. మందు పని చెయ్యడానికి గంటలు పడుతుంది. తలలో నెత్తురు అన్ని గంటలు ఆగదు.

*

మర్నాడు పొద్దున పిల్లకి కాస్త తెలివి వచ్చింది. ఎసినాతి పలచటి గంజి చెంచాతో పోస్తుంటే రెండు చెంచాలు తాగింది. దోరికా టార్చి వేసి కళ్ళు చూసింది. ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదిగా ఉంది. టార్చి ఆర్పి జేబులో వేసుకుని, నలగని దుప్పటిని సవరించింది.

"సిస్టర్," అంది తియామికే. మాట ముద్దగా వచ్చింది. "ఇప్పుడు పలచబడిందా?"

"పలచబడింది."

"చెప్పాను కదా." ఆ పిల్ల నవ్వడానికి ప్రయత్నించింది. ముఖం ఒక పక్కే నవ్వింది. "వేసుకుంటూనే ఉన్నానని."

దోరికా ఆమె చెయ్యి పట్టుకుంది. నువ్వు చెప్పింది నిజం, నాదే తప్పు అనాలనుకుంది. అంతమంది ముందు అన్న మాటను కనీసం ఈ ఒక్క చెవిలోనైనా వెనక్కి తీసుకోవాలనుకుంది. అటు నుంచి ఎవరో పిలిచారు, చక్కెర పడిపోయి ఒకామె చెమటలు కక్కుతోందని. వెళ్ళి గ్లూకోజు ఎక్కించి, ఆమె కళ్ళు తెరిచేదాకా ఉండి తిరిగి వచ్చేసరికి తియామికే గురక పెడుతోంది. ఆ గురక ఎలాంటిదో దోరికాకి తెలుసు. కూతురికి నిద్ర పట్టిందని ఎసినాతి వేలు పెదాల మీద పెట్టుకుని సైగ చేసింది.

మధ్యాహ్నం, చూడ్డానికి వచ్చే వాళ్ళను లోపలికి వదిలే వేళకు ఆ పిల్ల పోయింది.

కచింగ్వే కాగితాలు రాయడానికి కూర్చున్నాడు. మాత్రలు సరిగా వాడలేదు, ఆపై ఎక్కువ వాడింది అని రాయబోతుంటే దోరికా బల్ల మీద చెయ్యి పెట్టింది.

"అలా రాయకండి. సరిగ్గానే వాడింది."

ఆమె చెప్పిందంతా ఆయన విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు.

"నేను మోతాదు పెంచింది పుస్తకంలో ఉన్నదే. నువ్వు ఆకు సంగతి చెప్పింది కూడా ఉన్నదే. రెండూ ఒక్కరోజే జరిగాయని ఏ గడిలో రాయమంటావు?" అన్నాడు. చివరికి రక్తస్రావం అన్న ఒక్క మాట రాసి సంతకం పెట్టాడు. కవాటం మాత్రం చివరిదాకా బాగానే పనిచేసిందని, ఎవరికో మంచిమాట చెబుతున్నట్టు అన్నాడు.

*

దోరికా చావింటికి వెళ్ళింది. నడుముకి చుట్టుగుడ్డ కట్టుకుని, తలకి గుడ్డ బిగించి, ఆడవాళ్ళందరిలాగే పళ్ళెంలో జొన్నపిండి పట్టుకుని వెళ్ళింది. మగవాళ్ళు బయట పందిరి కింద బొంతల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు లోపల, శవపెట్టె చుట్టూ నేల మీద, ఒకరి ఒళ్ళో ఒకరు కాళ్ళు పెట్టుకున్నంత ఇరుకుగా కూర్చున్నారు. ఇంటి చుట్టూ నేల కొత్తగా గీసినట్టు బోడిగా ఉంది.

చెప్పవలసింది ఏమిటో ఆమె దారిపొడుగునా కూర్చుకుంటూ వచ్చింది. ఎసినాతి పక్కన చోటు చేసుకుని కూర్చుంది గానీ నోరు తెరవకముందే ఎసినాతి ఆమె చెవి దగ్గరికి వంగింది.

"మీకో మాట చెప్పాలి సిస్టరమ్మా. ఆసుపత్రిలో అబద్ధమాడాను."

ఏమిటన్నట్టు చూసింది దోరికా.

"ఆదివారం నాడు అది ఏడ్చింది. ఉప్పుతో ముద్ద దిగడం లేదమ్మా అంది. నా మనసు ఆగలేదు. పక్కింటి ఫలెస్ అవ్వ పెరట్లోంచి నాలుగాకులు తెచ్చి ఉడకబెట్టాను. రెండు ముద్దలు తింది. మర్నాటికి చిగుళ్ళలో నెత్తురు." ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. "మీరు చెప్పినా వినలేదు. నేనే చంపుకున్నాను."

చుట్టూ ఆడవాళ్ళు సన్నగా ఏడుస్తున్నారు. దోరికా ఆమె చెయ్యి పట్టుకుని, ఆకు వల్ల కాదమ్మా అని మొదలుపెట్టింది. ఆకు రక్తాన్ని చిక్కబరుస్తుంది. నువ్వు పెట్టిన ఆ రెండు ముద్దలే ఆ రోజుల్లో ఆ పిల్ల ఒంటికి పట్టిన మందు. అదీ చెప్పవలసిన నిజం. కానీ ఆ నిజంతో ఈ గుమ్మం దాటి బయటికి చూస్తే గీసిన నేల కనిపిస్తుంది. రెండు ముద్దలు మందైతే, మేకలకు వేసిన పాదులన్నీ ఏమిటి? కొరివిని ఏ కొసన పట్టుకోమన్నా ఈ తల్లి చెయ్యే కాలుతుంది.

"నా వల్ల," అంది చివరికి. "నేను తప్పు చెప్పాను. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు."

ఎసినాతి తన అరచేతిని ఆమె నోటికి అడ్డంపెట్టింది. "అలా అనకండి. మీరెంత పరుగెత్తారో నేను చూశాను. వానలో."

బయట నుంచి వైసన్ కబురు పంపాడు. పెట్టె లేపేముందు, జబ్బు ఎలా వచ్చింది, ఎలా సాగింది, ఎలా ముగిసింది అని ఊరందరికీ చెప్పడం ఆ ఇళ్ళల్లో ఆచారం. మామూలుగా మేనమామే చెబుతాడు. ఆసుపత్రి మనిషి స్వయంగా వచ్చింది కాబట్టి ఆమె నోటితో వింటే మర్యాద అన్నాడు. మొన్న రక్తం ఇచ్చిన చేతికి ఇంకా దూది అంటుకునే ఉంది.

దోరికా పందిరి కిందికి వచ్చి నిలబడింది. ఊరంతా ఆమెనే చూస్తోంది. కవాటం గురించి చెప్పింది, మాత్ర గురించి చెప్పింది. ఈ పిల్ల ఒక్క రోజు కూడా మాత్ర మానలేదని, మానిందని తాను పదిమందిలో అన్న మాట అబద్ధమని చెప్పింది.

"మాత్ర పెంచినవాళ్ళం మేమే. ఆకు పూర్తిగా మానెయ్యమన్నది నేను. అలా చెప్పకూడదు. మా మాట విన్నందుకే తియామికే పోయింది. తల్లి తప్పు లేదు. తప్పు..."

ఆమెకు కన్నీళ్ళు అడ్డుపడ్డాయి. అలా మాట్లాడుతూ ఎవరికైనా గొంతు పట్టేస్తే, వాళ్ళని ఒంటరిగా వదలకుండా ఆడవాళ్ళు కీర్తన ఎత్తుకుంటారు. అది ఆదరణ. లోపలి నుంచి ఒక గొంతు లేచింది, దాని వెనక పది, ఆ వెనక అందరూ. దోరికా మాట ఆ పాట కింద పడిపోయింది. ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఎవరో వచ్చి భుజాల చుట్టూ చెయ్యి వేసి కూర్చోబెట్టారు.

చరణాలన్నీ అయ్యాక వైసన్ లేచాడు. టోపీ చేత్తో పట్టుకుని, ఇంత పెద్ద మనసుతో వచ్చి, తల్లి మీద మాట రాకుండా తప్పంతా తన మీదే వేసుకుని, మన బిడ్డ కోసం ఏడ్చిన సిస్టరమ్మకు ఈ ఇంటి తరఫున దండం అన్నాడు. తర్వాత ఊరి వాళ్ళ వైపు తిరిగాడు.

"విన్నారుగా. మీలో మాత్రలు వేసుకునేవాళ్ళున్నారు. ఆసుపత్రి మాట జవదాటకండి."

అవునవునని తలలూగాయి.

శ్మశానం నుంచి తిరిగి వస్తుండగా ఒక ముసలామె అడుగు కలిపింది. ఫలెస్ అవ్వను నేనే అని చెప్పుకుంది. రక్తపోటుకు మాత్రలు వేసుకుంటుందట. తెల్లవారుజామునే తన పెరట్లో ఆకంతా కోసి పారేశాననీ, ఇంక ఈ జన్మలో ముట్టననీ, ఆ నాలుగాకులూ తన పెరట్లోవే కాబట్టి ఆ పాపం తనకు కూడా తగులుతుందేమోననీ గొంతు తగ్గించి చెప్పింది. ఆమె మెడ దగ్గర ఎముకలు సైకిల్ హ్యాండిల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి. కొత్త జొన్నకు ఇంకా నెలలున్నాయి.

దోరికా దారి మధ్యలో ఆగి ఆమె మణికట్టు పట్టుకుంది. నీ మాత్రకూ ఆకుకూ సంబంధం లేదని, అది వేరే జబ్బు, వేరే మాత్ర అని ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది. "ఆకు తిను అవ్వా. రోజూ తిను. నేనే చెబుతున్నాను."

ఫలెస్ అవ్వ ఆమెను కింది నుంచి పైకి చూసింది. చావుదారి అని నవ్వును పెదాల మధ్యే దాచుకుంది.

"పరీక్షిస్తున్నారు కదూ," అంది. "ఇంత జరిగాక కూడా తింటాననుకున్నారా? అంత వెర్రిదాన్ని కాదు సిస్టరమ్మా."

దోరికా ఆమె చెయ్యి వదల్లేదు. "తిను అవ్వా," అంది మళ్ళీ.

అవ్వ రెండో చేత్తో దోరికా చేతిని తడుతూ, నాకు తెలుసులే అన్నట్టు తలూపుతూనే ఉంది.